బూడిద చెరువు పక్క బావి నీళ్లు

పిల్లలూ, ఈసారి కృష్ణపట్నం నీళ్ల గురించి చెప్పుకుందాం. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా తూర్పుకు పోతే, కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఉంటుంది ఆ ఊరు. 2008లో కొత్త రేవు తెరుచుకున్నాక దాని చుట్టుపక్కల రూపమే మారిపోయింది. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. జనం నోట అది జెన్‌కో. అందులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఆ దాపునే ప్రైవేటు వాళ్ల థర్మల్ కేంద్రాలు, పంటపాలెం వైపు వంటనూనె రిఫైనరీలు. వీటి మధ్య నుంచి బకింగ్‌హాం కాలువ. కాలువకు అటూ ఇటూ రొయ్యల గుంటలు, వరి కయ్యలు, ఇసుక దిబ్బలు, పాత పల్లెలు. ఆ పల్లెల్లో చేదబావులు, చేతిపంపులు.

ఒక పల్లెలో బావి నీళ్లు రుచి మారాయనుకోండి. అన్నం పచ్చబడుతోంది, పప్పు ఉడకడం లేదు. పక్కనే బూడిద చెరువు ఉంది. ఊరివాళ్లు అటు వేలు చూపిస్తారు. కంపెనీవాళ్లు సముద్రం వైపు వేలు చూపిస్తారు. మూడోవాడు రొయ్యల గుంటల్ని చూపిస్తాడు. ఎవరిది నిజం?

"ఒక సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపితే తెలిసిపోదా తాతయ్యా?" అని మా మనవరాలు అడిగింది. చాలామంది పెద్దవాళ్ల నమ్మకం కూడా అదే. ఒక్క సీసాతో తెలియదమ్మా. తెలియకపోగా, ఆ ఒక్క సీసా తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఎందుకో చెబుతాను.

ముందు బూడిద సంగతి. మన దేశపు బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే ఉంటుంది. వంద టన్నులు కాలిస్తే ముప్పై నలభై టన్నులు మిగులుతుంది. ఓడల్లో దిగుమతయ్యే బొగ్గులో అంత ఉండదు, కానీ అసలు లేకుండా పోదు. ఈ బూడిదను సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు వాడాలని 1999 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధనలున్నాయి. 2021 డిసెంబరు 31న వాటిని ఇంకా బిగించారు. వాడకానికి పోగా మిగిలినదాన్ని నీళ్లతో కలిపి, పైపుల్లో పారించి, కట్టలు పోసిన పెద్ద మడుగులో నింపుతారు. అదే బూడిద చెరువు. బూడిద అడుక్కు దిగుతుంది, పైనీళ్లు తేరుకుంటాయి. ఆ నీళ్లలో సల్ఫేటు, బోరాన్, కాస్త ఫ్లోరైడు, కొంచెం ఆర్సెనిక్, సెలీనియం, క్రోమియం లాంటివి కరిగి ఉంటాయి. చెరువు అడుగున వేసిన ప్లాస్టిక్ పరుపు గట్టిగా ఉంటే సరి. ఎక్కడో ఒకచోట చిరిగినా, కొన్నిచోట్ల అసలు వేయకపోయినా ఆ నీళ్లు నేలలోకి దిగుతాయి.

ఇప్పుడు ఆ నేల ఎలాంటిదో చూడండి. మన తీరంలో చాలామటుకు ఇసుకే. సముద్రపు నీళ్లు ఆ ఇసుక అడుగునుంచి ఊరి కింది దాకా చొచ్చుకొచ్చి ఉంటాయి. వాటి మీద వాననీళ్లు పలుచని పొరగా నిలబడతాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయి. ఈ లెక్కను 1889 ప్రాంతంలో గైబెన్, 1901లో హెర్జ్‌బెర్గ్ విడివిడిగా కట్టారు. మన పెద్దలకు ఈ లెక్క తెలియదు, పని మాత్రం తెలుసు. నెల్లూరు నుంచి బాపట్ల దాకా తీరపల్లెల్లో ఇసుకలో లోతు లేని దొరువులు తవ్వి, పైపొరను మాత్రమే తోడి, నారుమళ్లకు, కూరగాయలకు పోసుకునేవాళ్లు. లోతుకు పోతే ఉప్పు తగులుతుందని వాళ్లకు అనుభవం. అక్కడే ఎవరైనా లోతు బోరేసి మోటారు పెట్టి లాగితే లెక్క తిరగబడుతుంది. పైన ఒక అడుగు తగ్గితే అడుగునుంచి ఉప్పు 40 అడుగులు లేవడానికి సిద్ధపడుతుంది. చూశారా, బూడిద చెరువు ప్రమేయం లేకుండానే బావి ఉప్పెక్కింది.

రొయ్యల గుంటల కథ మరొకటి. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా గుంటలు తవ్వారు. ఉప్పునీళ్లు పెట్టారు. చుట్టుపక్కల బావులు పాడవుతున్నాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో తీర్పు వచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు వేరే చట్టమే చేశారు. ఆ గుంటలు కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి, కొన్ని పడావు పడ్డాయి. పడావు పడ్డ గుంట అడుగున కూడా ఉప్పు ఉంటుంది. వానకు అది కిందకు దిగుతుంది.

అసలు నేలలోనే దోషముండే సందర్భం కూడా మన జిల్లాకు బాగా తెలుసు. నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట గుర్తించి 1937లో శాస్త్ర పత్రికలో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. రాసినవాళ్లలో షార్ట్ అనే డాక్టరు ముఖ్యుడు. ఆ పల్లెల్లో ఏ ఫ్యాక్టరీ పొగగొట్టమూ లేదు. ఫ్లోరైడు వచ్చింది కింది రాయి నుంచి.

అందుకే అనుమానమున్న చోట మొదటి బావిని ఆ చోటికి ఎగువన వేస్తారు. ఎగువన అంటే కంటికి కనిపించే ఎత్తు కాదు, భూమిలోపలి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో అటు. ఆ బావి నీళ్లు బూడిద చెరువును ఇంకా ముట్టుకోలేదు. అందులో ఏముందో అదే ఆ నేల సహజ గుణం. చెరువు దాటాక దిగువన ఇంకొన్ని బావులు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరు 22న బూడిద చెరువు కట్ట తెగి బూడిద ఇళ్ల మీద పడ్డాక, 2015లో వాళ్లు నియమం పెట్టుకున్నారు: ప్రతి బూడిద చెరువుకూ ఎగువన కనీసం ఒకటి, దిగువన కనీసం మూడు బావులుండాలి. తీర్పు చెప్పకముందు ఒక్కో బావి నుంచి కనీసం ఎనిమిదిసార్లు నమూనా తీసి ఉండాలి. ఎనిమిదిసార్లు! ఒక్క సీసా పట్టి పంపుదామన్న మనవరాలికి ఆ అంకె చెబితే నోరు తెరిచింది.

మరి నీళ్లు ఎటు పోతున్నాయో ఎలా తెలుస్తుంది? మూడు బావులు త్రికోణంగా ఉంటే చాలు. ఒక్కోదాంట్లో నీటిమట్టం కొలిచి, ప్రతి బావి నోటి ఎత్తును సముద్ర మట్టంతో సరిచూసి లెక్కేస్తే వాలు ఎటుందో తేలిపోతుంది. కొలవడానికి తీగ చివర ఎలక్ట్రోడు ఉన్న టేపును దింపుతారు. నీళ్లు తగలగానే కీచుమంటుంది. కృష్ణపట్నంలో దీనికొక చిక్కుంది. ఉప్పుటేరుకు దగ్గరున్న బావుల్లో మట్టం పోటుకూ పాటుకూ కాస్త పైకీ కిందకూ కదులుతుంది. ఒక బావిని పొద్దున పోటులో, ఇంకోదాన్ని సాయంత్రం పాటులో కొలిస్తే వాలు తలకిందులుగా కనబడొచ్చు. కాబట్టి అన్ని బావులనూ ఒకే పూట, వీలైనంత దగ్గర దగ్గరగా కొలవాలి. మనకు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలది. ఆ వానకు ముందొకసారి, వెనకొకసారి కొలవకపోతే కథ సగమే తెలుస్తుంది. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు, జనవరిలో, ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబరులో మట్టాలు కొలుస్తుంది.

దిగువ బావి ఎక్కడ వేయాలన్నది ఇంకా సున్నితం. గదిలో మూల అగరుబత్తి వెలిగిస్తే పొగ గాలి పోయే వైపు సన్నగా సాగుతుంది కదా, గదంతా ఒక్కసారిగా నిండదు. నేలలో కాలుష్యం కూడా అలాగే సన్నని పాయగా సాగుతుంది. బావి ఆ పాయలో పడితే పట్టుకుంటుంది, పది గజాలు పక్కన పడితే అక్కడ ఏమీ లేదంటుంది. లోతు కూడా అంతే. బూడిదను పారించడానికి వాడిన నీళ్లే ఉప్పువైతే అవి బరువుగా అడుక్కు దిగుతాయి, లేకపోతే పైపొరలోనే నడుస్తాయి. పైనుంచి కిందిదాకా చిల్లులున్న ఒకే పొడుగాటి బోరు వేస్తే పైనీళ్లూ కిందినీళ్లూ కలగలిసి, ఏ పొర ఏమి చెబుతోందో మరుగున పడిపోతుంది. కాబట్టి పక్కపక్కనే రెండు బోర్లు వేస్తారు. ఒకటి పైపొరకు, ఒకటి లోతుకు. పీవీసీ పైపు అడుగున సన్నని చీలికలు, వాటి చుట్టూ శుభ్రమైన ఇసుక, దానిపైన తడి తగిలితే ఉబ్బే బెంటొనైట్ మట్టి, ఆపైన సిమెంటు. వాన చినుకు పైపు పక్కనుంచి కిందకు జారకూడదు. పైన మూత, మూతకు తాళం. చేతిపంపు నుంచే నమూనా తీస్తే సరిపోదా అంటారేమో. దాని ఇనుప పైపు పూతలోని జింకు, తుప్పులోని ఇనుము నీళ్లలో కలిసి అంకెలను మార్చేస్తాయి.

ఇప్పుడు నమూనా తీయడం. నాకు ఈ పనిలో అన్నింటికంటే ముచ్చటైన భాగం ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

బోరు పైపులో నిలిచిన నీళ్లు నేలలోని నీళ్లు కావు. నెలల తరబడి గాలి తగిలి ఉంటాయి. నేలలో, గాలి అందని చోట, ఇనుము కరిగి కనబడకుండా ఉంటుంది. పైపులో గాలి తగలగానే అది తుప్పుగా మారి అడుక్కు దిగుతుంది. దిగుతూ దిగుతూ ఆర్సెనిక్‌ను పట్టుకుని తీసుకుపోతుంది. ఆ నిలవ నీళ్లు పట్టి పంపితే ఆర్సెనిక్ తక్కువగా కనిపిస్తుంది. ఉన్న విషం లేదని చెబుతుంది ల్యాబు. ల్యాబు తప్పేమీ కాదు, దానికి ఇచ్చిన నీళ్లే అవి.

కాబట్టి నిలవ నీళ్లను ముందు తోడి పారేయాలి. పాత పద్ధతిలో పైపులోని నీళ్లకు మూడు రెట్లు మొదలు అయిదు రెట్ల దాకా తోడేస్తారు. నాలుగంగుళాల పైపులో మీటరు నీటికి దాదాపు 8 లీటర్లు పడతాయి. పది మీటర్ల నీళ్లుంటే 80 లీటర్లు, దానికి మూడు రెట్లంటే 240. బాగానే ఉంది కదా, గబగబా తోడేద్దామా? ఇక్కడ రెండో ప్రమాదం. బకెట్టుతో దబదబా తోడితే అడుగునున్న బురద లేస్తుంది. లోహాల కోసం తీసే సీసాలో నైట్రిక్ ఆమ్లం వేస్తారు, కరిగిన లోహం గోడకు అంటుకోకుండా. బురదతో నిండిన సీసాలో ఆమ్లం పడితే ఆ బురదలోని లోహాలు కూడా కరుగుతాయి. ఈసారి లేని విషం ఉందని వస్తుంది. ఒకే బావి, ఒకే రోజు. నెమ్మదితనం చాలక ఒకసారి తక్కువ, ఇంకోసారి ఎక్కువ.

దీనికి విరుగుడుగా 1990లలో నిదానంగా తోడే పద్ధతి స్థిరపడింది. చిన్న పంపును చీలికలున్న లోతులో దింపి నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లే లాగుతారు. ఒక గ్లాసు నిండడానికి నిమిషం పట్టవచ్చు. వచ్చే నీళ్లను గాలి తగలని గిన్నెలోంచి పారిస్తూ మీటర్లు చూస్తుంటారు: పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్, మడ్డితనం. మూడుసార్లు వరసగా పీహెచ్ 0.1 లోపు, వాహకత నూటికి 3 లోపు మాత్రమే తేడా చూపితే, అప్పుడు కొత్త నీళ్లు వచ్చాయని లెక్క. అప్పుడే సీసా పట్టాలి. కరిగిన లోహాల కోసమైతే 0.45 మైక్రాన్ల వడపోత గుండా పట్టి ఆమ్లం వేస్తారు. నూనెలు, ద్రావకాలు అనుమానమైతే గాజు సీసా, గాలిబుడగ ఒక్కటి కూడా లేకుండా నింపాలి, లేకపోతే ఆవిరై బుడగలోకి పోతాయి. తర్వాత ఐసు పెట్టెలో పెట్టి, సుమారు 4 డిగ్రీల చల్లదనంలో ల్యాబుకు చేర్చాలి.

ఇంకా కొన్ని నియమాలు విన్నాక మా మనవరాలు "ఇంత అపనమ్మకమా!" అంది. అపనమ్మకం కాదమ్మా, నిజాయితీకి కట్టే కాపలా. ముందు మంచి బావిలో, చివర అనుమానపు బావిలో నమూనా తీయాలి. అప్పుడు పంపుకు అంటుకున్న మురికి మంచి బావిలోకి పోదు. ఒక సీసాలో శుద్ధమైన నీళ్లు పోసి మిగతా సీసాలతో పాటు పొలాల వెంట తిప్పి పంపాలి. అందులో ఏదైనా కనిపిస్తే దారిలో కలిసిందని అర్థం. ఒకే బావి నీళ్లను రెండు సీసాల్లో రెండు వేరువేరు గుర్తులతో పంపాలి. రెండు జవాబులూ దగ్గరగా ఉండాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు మారిందో కాగితం మీద సంతకాలుండాలి. రేపు ఈ అంకె కోర్టులో నిలబడాలంటే ఆ కాగితమే ఆధారం.

ఇప్పుడు అసలు ముడి. బూడిద నీళ్లు ముందుగా బయటపడేది బోరాన్, సల్ఫేటు రూపంలో. ఇవి ఇసుకకు పెద్దగా అంటుకోవు, నీళ్లతో పాటే పరుగెడతాయి. ఆర్సెనిక్, క్రోమియం లాంటివి మట్టికి అతుక్కుంటూ ఆగుతూ ఆలస్యంగా వస్తాయి. అందుకే అమెరికా నియమంలో మొదటి దశలో వెతికేవి బోరాన్, కాల్షియం, క్లోరైడు, ఫ్లోరైడు, సల్ఫేటు, పీహెచ్, మొత్తం కరిగిన లవణాలు. మన దగ్గర థర్మల్ కేంద్రాలకిచ్చే పర్యావరణ అనుమతుల్లో బూడిద చెరువు చుట్టూ పీజోమీటర్లు, అంటే నేలలోని నీళ్లను పరీక్షించే సన్నని బోర్లు వేసి పాదరసం, క్రోమియం, ఆర్సెనిక్, సీసం చూడమని సాధారణంగా రాస్తారు. చూడాల్సిందే, కాదనను. కానీ అవి ఆలస్యంగా వచ్చే అతిథులు. అవి కనిపించేదాకా కాచుకుంటే చాలా నేల పాడైపోయి ఉంటుంది. బోరాన్, సల్ఫేటు కూడా ప్రతిసారీ చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

అయితే కృష్ణపట్నంలో ఆ రెండూ సముద్రంలో కూడా ఉన్నాయి! సముద్రపు నీళ్లు లీటరులో క్లోరైడు సుమారు 19,000 మిల్లీగ్రాములు, సల్ఫేటు 2,700, బోరాన్ 4.5. మరి విడదీయడం ఎలా? అంకెలను విడివిడిగా చూడకుండా పక్కపక్కన పెట్టి చూడాలి. బావిలో క్లోరైడు 1,900 ఉందనుకోండి, అంటే సముద్రంలో పదో వంతు. ఉప్పు సముద్రానిదే అయితే సల్ఫేటు కూడా పదో వంతు, 270 దగ్గర, బోరాన్ 0.45 దగ్గర ఉండాలి. అలా ఉంటే సముద్రమో రొయ్యల గుంటో. క్లోరైడు అంతే ఉండి బోరాన్ 3 ఉంటే? ఆ అదనం సముద్రం ఇచ్చింది కాదు. అప్పుడు బూడిద చెరువు వైపు చూడటంలో న్యాయముంది.

ఇందులోనూ తొందర పనికిరాదు. చవుడు తగ్గడానికి కయ్యల్లో జిప్సం చల్లితే సల్ఫేటు పెరుగుతుంది. ఉప్పుటేటి పక్క నల్లబురదలో సూక్ష్మజీవులు సల్ఫేటును తినేసి కుళ్లిన గుడ్డు వాసన వదులుతాయి, అక్కడ సల్ఫేటు తగ్గుతుంది. బంకమట్టి కొంత బోరాన్‌ను పట్టుకుంటుంది. అయినా సందేహం తీరకపోతే ఇంకో మెట్టు ఉంది. బోరాన్‌లో బరువు తేడాతో రెండు రకాలు, బోరాన్-10, బోరాన్-11. సముద్రపు బోరాన్‌లో బరువైన రకం పాలు ఎక్కువ, బొగ్గు బూడిద బోరాన్‌లో తక్కువ. ఆ తేడాతో బూడిద నీళ్ల జాడ పట్టవచ్చని అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు వెంగోష్ బృందం 2014లో చూపింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) లాంటి వాటికి ఇలాంటి పని కొండెక్కినంత కష్టమేమీ కాదు.

కాలం గురించి ఒక్క మాట. నేలలో నీళ్లు ఎంత నెమ్మదో డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1856లోనే సూత్రం ఇచ్చాడు. ఉదాహరణకు ఇసుకలోంచి నీళ్లు రోజుకు 10 మీటర్లు దూరే గుణముండి, వాలు వెయ్యికి ఒకటి, ఇసుకలో ఖాళీ నాలుగో వంతు అనుకుంటే, నీళ్లు నిజంగా నడిచేది రోజుకు 4 సెంటీమీటర్లు. ఏడాదికి పదిహేను మీటర్లు. నేలటూరు కేంద్రం నడక మొదలుపెట్టి పదేళ్లు దాటింది. పదేళ్లకు ఈ లెక్కన నూటయాభై మీటర్లు. అరకిలోమీటరు దూరాన ఉన్న బావి ఇవాళ బాగుందంటే చెరువు కారడం లేదని కాదు, ఇంకా చేరలేదని కూడా కావచ్చు. అలాగే ఇవాళ చెరువు మూసేసినా ఆ వెనకటి నీళ్లు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి. పటాన్‌చెరు పరిశ్రమల మురుగు మీద 1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు ఎన్నేళ్లు నడిచిందో చదవండి, నేల జ్ఞాపకం ఎంత పొడుగో అర్థమవుతుంది.

ఊరివాళ్లు చేయగలిగింది లేదా అంటే ఉంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి కేంద్రం ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి అర్ధసంవత్సర నివేదిక ఇవ్వాలి. అందులో పీజోమీటర్ల ఫలితాలు అడగండి. ఎగువ బావి ఏది, దిగువవి ఏవి, ఏ నెలలో తీశారు, ఎంత లోతు నుంచి, తోడి తీశారా లేదా అని అడగండి. ఈలోగా పంచాయతీలో, నీళ్లలో లవణాలు పెరిగితే చెప్పే విద్యుత్ వాహకత మీటరు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. బడిపిల్లలు కూడా వాడగలరు. ప్రతి నెలా ఒకే తారీఖున, ఒకే బావుల్లో కొలిచి పుస్తకంలో రాయండి. పక్కనే నీటిమట్టం, ఆ నెల పడిన వాన, ఏ రొయ్యల గుంటకు నీళ్లు పెట్టారు, ఏ కయ్యలో జిప్సం చల్లారు, ఎవరు కొత్త బోరు వేశారు, ఇవన్నీ. మీటరు అంకె ఉన్నట్టుండి ఎగబాకిన నెలలో మాత్రం మీరు సొంతంగా సీసా పట్టవద్దు. భూగర్భజల శాఖవాళ్లనో, గుర్తింపున్న ల్యాబువాళ్లనో పిలిచి పద్ధతిగా తీయించండి. క్లోరైడు, సల్ఫేటు, బోరాన్, ఈ మూడూ ఒకే సీసా నీళ్లలో, ఒకే రోజు, ఎగువ బావితో కలిపి చూడమని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.